పుష్పమిత్ర భార్గవ జన్యుమార్పిడి పంటల విమర్శ – ఒక పరిశీలన

హైదరాబాదులో 1977లో ఏర్పడి సీసీఎంబీగా ప్రసిద్ధమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి పుష్పమిత్ర భార్గవ (1928–2017) వ్యవస్థాపక సంచాలకులు. అటువంటి శాస్త్రవేత్త జన్యుమార్పిడి పంటలను ప్రశ్నించడం పైకి వైరుధ్యంగా తోస్తుంది. విజ్ఞాన వ్యతిరేకత అన్న నింద ఈ పైచూపు నుంచే పుడుతుంది. 1981లో వెలువడిన శాస్త్రీయ దృక్పథ ప్రకటన రూపకర్తల్లో ఒకరైన ఆయనకు ఆ నింద వర్తించదు.

2008లో సుప్రీంకోర్టు ఆదేశంతో భార్గవ జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ సమావేశాలకు ఆహ్వానితులయ్యారు. మహికో సంస్థ రూపొందించిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో ఆ కమిటీ అనుకూలత తెలిపినప్పుడు ఆయన విభేదించారు. భద్రతా సమాచారంలో అధికభాగం విత్తన సంస్థ సమకూర్చినదే. విత్తనం అమ్మేవారే దాని నిరపాయతకు సాక్షులు కారాదని, పరీక్షలకు స్వతంత్ర ప్రయోగశాల కావాలని ఆయన వాదించారు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆ పంట వాణిజ్య సాగును నిలిపివేసింది.

అయితే ఈ వాదనకు ఒక పరిమితి ఉంది. నిధుల మూలం అనుమానానికి కారణం కాగలదు గాని, ఫలితం తప్పనడానికి రుజువు కాజాలదు. ప్రభుత్వ ధనంతో సాగే పరిశోధనకూ తనవైన ప్రయోజనాలుంటాయి. ఏ ఫలితాన్నైనా నిగ్గు తేల్చవలసింది పునఃపరీక్షే. భార్గవ కోరిన స్వతంత్ర ప్రయోగశాల ప్రాధాన్యం ఇక్కడే స్పష్టమవుతుంది. అది సంస్థ చెప్పినదానితోపాటు ఆయన అభ్యంతరాలను సైతం పరీక్షకు నిలబెట్టగలదు.