ఐదో కార్ట్రిడ్జ్

రాబర్ట్ ఆల్డ్రిచ్ సినిమా ‘ది ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్’ (1965)లో ఇంజన్ స్టార్ట్ చేసే సీనుని ఉత్కంఠ కోసం చూస్తాం. నాకైతే అందులో ఒక వాదన కనిపిస్తుంది.

సహారాలో కూలిన విమానం ముక్కలతో ఒంటి ఇంజన్ విమానం కట్టుకున్నారు. స్టార్టర్‌ని తిప్పేది తూటాలా మందు దట్టించిన కార్ట్రిడ్జ్. ఉన్నవి ఏడే. నాలుగు పేలినా ఇంజన్ స్టార్ట్ కాలేదు. ఇగ్నిషన్ ఆపేసి ఐదోది పేలుస్తానంటాడు పైలట్ టౌన్స్ (జేమ్స్ స్టీవర్ట్), సిలిండర్లు శుభ్రపడటానికి. విమానం గీసిన డార్ఫ్‌మన్ (హార్డీ క్రూగర్) ససేమిరా అంటాడు. టౌన్స్ వినడు. ఆరోదానికి ఇంజన్ అందుకుంటుంది.

ఇది సినిమా మాయేం కాదు. ఇప్పటి చిన్న విమానాల్లోనూ పెట్రోలు ఎక్కువై ఇంజన్ ‘ఫ్లడ్’ అయితే మిక్చర్ పూర్తిగా కట్ చేసి, థ్రాటిల్ బార్లా తెరిచి స్టార్టర్ తిప్పుతారు. ముందు గాలి ఆడాలి, తర్వాతే నిప్పు.

సాఫ్ట్‌వేర్‌లో ఫెయిలైన కమాండ్‌నే మళ్ళీ మళ్ళీ కొడతాం. రీట్రైకి ఖర్చుండదు కదా! ఏడే ఉన్నప్పుడు ఒకటి దారి ఖాళీ చేయడానికే వాడాలంటే గుండె కావాలి.

అలాగని అనుభవం లెక్కని ఓడించిందంటే ఒప్పుకోను. డార్ఫ్‌మన్ డిజైన్ చేసేది బొమ్మ విమానాలే కావచ్చు, కానీ అతని లెక్క లేకపోతే స్టార్ట్ చేయడానికి విమానమే లేదు. అతని అభ్యంతరంలోనూ తప్పు లేదు: మిగిలినవి మూడే. పైగా అడుగుతున్నది మొదటి విమానాన్ని కూల్చిన పైలట్. అతన్నే మళ్ళీ నమ్మాల్సి రావడం, ఆ సీనులో నన్ను భయపెట్టేది అదే.