వామనవృక్షము: పూర్తికాని కృతి

జపానీయుల బోన్సాయికి తెలుగువారు పెట్టుకొన్న పేరు వామనవృక్షము. ఎఱిగి పెట్టిరో ఎఱుగక పెట్టిరో గాని, చిక్కంతయు ఆ పేరులోనే ఉన్నది. వామనుడు వామనుడుగా నిలిచిపోయినవాడు కాడు. పళ్ళెములోని మఱ్ఱిని తీసి నేలలో నాటినచో అదియు త్రివిక్రముడగును.

కళాకృతికి ముగిసిన రూపమొకటి ఉండవలెననియు, దినదినము మాఱు చెట్టునకు అట్టి రూపము లేదు గనుక అది తోటపనియే గాని కళ కాదనియు కొందఱి ఆక్షేపణ. దీనికి సమాధానముగా చతుష్షష్టి కళలను ముందునకు తెచ్చుట తేలిక. వాత్స్యాయనుని కామసూత్రములలోని పట్టికయందు వృక్షాయుర్వేదము కలదు. కాని ఆ పట్టికలోనే పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పోరు కూడ కలవు. అచ్చట కళ యన నేర్పు మాత్రమే. దానితో ఈ ప్రశ్న తీఱదు.

మాఱుట దోషమైనచో నిలుచు కృతులెన్ని? భామాకలాపము రంగస్థలముపై ముగిసినంతనే కంటికి లేకుండ పోవును. అది కళ కాదనువారు లేరు. అయితే ఈ పోలిక సగము దూరమే వచ్చును. ఆడిన కలాపమును మరల ఆడవచ్చును. కోసిన కొమ్మ తిరిగి రాదు.

అంతకంటె దగ్గఱి పోలిక ఆంధ్ర మహాభారతము. 11వ శతాబ్దిన నన్నయ అరణ్యపర్వమున విడిచిపోగా, 13వ శతాబ్దిన తిక్కన విరాటపర్వము మొదలుకొని సాగించెను. అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దిన ఎఱ్ఱన పూరించెను. వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానమున జపాను తెల్ల పైన్ వృక్షమొకటి కలదు. 1625 నుండి పెంపకములో నున్నది. యమాకి కుటుంబమువారి తోటలో నుండగా 1945లో హిరోషిమాపై బాంబు పడినను బ్రతికి, 1976లో అమెరికాకు కానుకగా వెడలినది. ఇదియు పలుతరముల కృతియే. కాని తిక్కన నన్నయ పద్యమును దిద్దలేదు. ఇచ్చట రెండవవాడు మొదటివాడు పెంచిన కొమ్మనే కత్తిరించును. కత్తిరింపకున్నచో కృతి చెడును. అందు పూర్వుని సంకల్పమునకు విధేయత ఎంత, స్వేచ్ఛ ఎంత? ఆక్షేపకులు పట్టుకొనవలసినది దీనిని, చిగుళ్ళను కాదు.

చెట్టును చిన్నది చేయుట కళ కాదు. వేళ్ళు కోసి లోతులేని పళ్ళెమున ఉంచిన మొక్క ఏదైనను గిడసబారును. జానెడు మానును చూచినవానికి గాలికి ఒరిగిన కొండచెట్టు తోపవలెను. ఆ భ్రాంతి ఎంత సుకుమారమో దానిమ్మను చూచిన తెలియును: ఆకు చిన్నదగును గాని కాయ చిన్నది కాదు, ఒక్క కాయ వ్రేలాడెనా, కొండయంతయు కుండీయైపోవును. శిల్పి శిల మాట వినునందురు. కాని చెక్కిన పిమ్మట శిల చిగిర్చి ఎదురాడదు గదా!

గోదావరి సీమలోని కడియము నర్సరీలలో వామనవృక్షములు అమ్ముడుపోవుచున్నవి. కొన్నవాడు కత్తెర పట్టక కొన్నియేండ్లు విడిచినచో మిగులునది వట్టి కుండీమొక్క. కొమ్మను వంచుటకు చుట్టిన తీగను సకాలమున విప్పకున్నచో బెరడులో దిగి మచ్చ కట్టును. కావ్యమును కొన్నవాడు విప్పకున్నను కావ్యము చెడదు. ఈ కృతికి మాత్రము యజమానియు కర్తలలో ఒకడే. ప్రదర్శనలో ఒకనాడు చూచి తీర్పు చెప్పు విమర్శకుడు గ్రంథములో ఒక పుటను మాత్రమే చదివినవాడు. ఆతడు ఆకుల పచ్చదనమును విడిచి మాను వెనుకకు పోయి, ఏ కొమ్మ ఎచ్చట కోయబడినదో, ఆ గాయము ఎట్లు మానినదో చూచుట మొదట చేయవలసిన పని.