సీటు కింది పనితనం

క్యాంపర్ వ్యాన్ ఉన్నవాళ్లు మనల్ని లోపలికి పిలిస్తే ముందు మడత మంచం చూపిస్తారు. తర్వాత స్టవ్వు, సింకు, కర్టెన్ల రంగు. సీటు ఎత్తి కిందేముందో చూపించేవాళ్లు తక్కువ. స్కాట్లాండ్ తూర్పు తీరంలో చేపల పడవలకు ఏళ్ల తరబడి వైరింగ్ చేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం తన ఫియట్ డుకాటోలో మొదట సీటే ఎత్తారు. కింద ప్లైవుడ్ చెక్క, పక్కన బ్యాటరీ, చెక్క మీద నుంచి నాలుగు వైపులకూ వెళ్లే తీగలు. మలుపు తిరిగిన ప్రతి తీగా ఒకే వంపులో తిరిగింది. ఇంకోదాన్ని దాటక తప్పని చోట నిటారుగా దాటింది. భార్యాభర్తలిద్దరికీ కలిపి రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు ఫోన్లు, ఒక ట్యాబ్లెట్, ఒక కెమెరా, ఒక వైఫై రౌటరు ఉన్నాయి. వీటిని ఛార్జ్ చేసుకోవడానికి ఇంత తతంగమా అని ఎవరైనా అడగొచ్చు. నిదానంగా చూస్తే అక్కడ తతంగమేమీ లేదు. కరెంటు వృథా అయ్యే చోట్లనూ, తీగ వేడెక్కే చోట్లనూ ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని సరిచేసిన పని అది.

కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకునే ఇళ్లలో పెరిగిన మనవాళ్లెవరైనా ఆ చెక్కను చూసి ముందు అడిగేది ఇన్వర్టర్ ఎక్కడని. ఉంది, ఓ మూలన, ఆఫ్ చేసి. మిక్సీకో డ్రిల్లుకో తప్ప దాన్ని ఆన్ చెయ్యరు. ల్యాప్‌టాప్‌కు దాంతో పనే లేదు. బ్యాటరీలో ఉన్నది పదమూడు వోల్టుల డీసీ, ల్యాప్‌టాప్ కోరేది ఇరవై వోల్టుల డీసీ. మధ్యలో దాన్ని 230 వోల్టుల ఏసీగా ఎక్కించి, మళ్లీ ఛార్జర్ ఇటుకతో ఇరవైకి దించడం దేనికి? ఇన్వర్టర్ తన వంతుగా వందలో పదమూడు దాకా తింటుంది, మిగిలిన దాంట్లో ఛార్జర్ ఇంకో పది పన్నెండు శాతం. బ్యాటరీ వంద ఇస్తే ల్యాప్‌టాప్‌కు చేరేది డెబ్భై ఏడో, డెబ్భై ఎనిమిదో. డీసీ నుంచి డీసీకే నేరుగా మారిస్తే తొంభైకి పైగా చేరుతుంది. అంతకంటే పెద్ద దుబారా ఇంకొకటుంది. కాస్త పెద్ద ఇన్వర్టర్‌ను ఆన్‌లో ఉంచితే, దానికి ఏమీ తగిలించకపోయినా పదిహేను వాట్ల దాకా లాగుతుంది. రోజంతా అలా వదిలేస్తే 360 వాట్ అవర్లు. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ అరవై వాట్ అవర్లు ఉంటుంది కాబట్టి, ఆరు ల్యాప్‌టాప్‌లు నిండేంత కరెంటు ఎవరికీ పనికిరాకుండా వేడై పోయినట్టు.

అందుకని ఆయన బల్ల పక్క గోడలో యూఎస్‌బీ-సీ సాకెట్లు బిగించారు. వాటి వెనక డీసీ నుంచి డీసీకి మార్చే చిన్న మాడ్యూళ్లున్నాయి. ఒకప్పుడు వ్యాన్‌లో దొరికేది సిగరెట్ లైటర్ సాకెట్టే. పేరుకు తగ్గట్టు అది సిగరెట్ వెలిగించడానికి పుట్టింది. స్ప్రింగు ఒత్తిడి మీద నిలబడే ప్లగ్గు బండి కుదుపులకు కొద్దికొద్దిగా బయటికి జారుతుంది, కాంటాక్టు లూజై వేడెక్కుతుంది. ల్యాప్‌టాప్‌లకైతే ఒక్కో కంపెనీది ఒక్కో రకం పిన్ను. యూఎస్‌బీలో 2012లో వచ్చిన పవర్ డెలివరీ పద్ధతి వంద వాట్ల దాకా దారి తెరిచింది, 2021లో దాన్ని 240 వాట్లకు పెంచారు. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకూ యూఎస్‌బీ-సీ సాకెట్టే ఉండాలని చట్టం చేసింది. బ్రిటన్ ఆ యూనియన్‌లో లేకపోయినా అక్కడి దుకాణాల్లోకి వచ్చే సరుకు అదే.

ఆ సాకెట్టు పనిచేసే తీరు గురించి కాస్త చెప్పుకోవాలి. పంక్తి భోజనంలో మంచి వడ్డనగాడు విస్తరి చూడకుండా గరిటె వంచడు, ఎంత కావాలో అడక్కుండా పెట్టడు. ఇదీ అంతే. కేబుల్ పెట్టనంత సేపు సాకెట్టులో పవర్ పిన్నుల మీద వోల్టేజీ ఉండదు. అవతలి వైపు ఉన్న చిన్న రెసిస్టరు తగలగానే ఎవరో వచ్చారని గుర్తించి ఐదు వోల్టులు మాత్రమే ఇస్తుంది. ఆ తర్వాత ఒక సన్నని తీగ మీద మాటలు నడుస్తాయి: నా దగ్గర ఐదు, తొమ్మిది, పదిహేను, ఇరవై వోల్టులున్నాయని సాకెట్టు చెబుతుంది. ఇరవై కావాలని ల్యాప్‌టాప్, తొమ్మిది చాలని ఫోను అడుగుతాయి. ఒప్పందం కుదిరాకే వోల్టేజీ పెరుగుతుంది. మూడు ఆంపియర్లు దాటాలంటే కేబుల్ కూడా తనలోని చిప్పు ద్వారా తన సత్తా చెప్పుకోవాలి. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఛార్జ్ అవుతోందని సాకెట్టును తిట్టేవాళ్లు ముందు కేబుల్ మార్చి చూడటం మంచిది. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇంతవరకూ దుకాణంలో కొనుక్కోగలిగిందే. పనితనం కనిపించేది ఆ సాకెట్టుకు వెనక నుంచి వచ్చే తీగలో. బ్యాటరీ నుంచి బల్ల దాకా నాలుగు మీటర్లు. కరెంటు పోయి రావాలి కాబట్టి ఎనిమిది మీటర్ల రాగి. ల్యాప్‌టాప్‌కు వంద వాట్లు ఇవ్వాలంటే పన్నెండు వోల్టుల వైపు తొమ్మిది ఆంపియర్ల దాకా పారాలి. ఇంట్లో లైట్లకు వాడే 1 స్క్వేర్ ఎంఎం తీగ వేస్తే దారిలోనే వోల్టుకు పైగా రాలిపోతుంది. 2.5 వేస్తే అర వోల్టు. ఆయన వేసింది 6 స్క్వేర్ ఎంఎం, దాంట్లో పోయేది 0.2 వోల్టు. 230 వోల్టుల ఇంట్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. పన్నెండు వోల్టుల బండిలో అది పన్నెండో వంతు. పైగా ఈ మాడ్యూళ్లకు ఒక మొండి గుణం ఉంది. ల్యాప్‌టాప్ వంద వాట్లు అడిగితే ఎలాగైనా ఇచ్చి తీరాలని చూస్తాయి. వోల్టేజీ తగ్గితే ఆ మేరకు ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి, ఎక్కువ లాగితే తీగలో ఇంకాస్త వోల్టేజీ రాలుతుంది. సన్నని తీగ వేసిన బండ్లలో బ్యాటరీ సగానికి దిగేసరికి ఛార్జింగ్ ఆగి ఆగి రావడానికి ఇది పెద్ద కారణం. ఇలాంటి చోట కొత్త బ్యాటరీ కొనేవాళ్లున్నారు. కావలసింది నాలుగు మీటర్ల లావు తీగ.

తిరుగు దారి విషయంలోనూ పడవల అలవాటు కనిపిస్తుంది. బండి బాడీ ఇనుమే కాబట్టి నెగటివ్‌ను దగ్గర్లో ఏదో బోల్టుకు బిగించేస్తే తీగ సగం ఆదా అవుతుంది, చాలామంది చేసేది అదే. పడవలో ఆ పని చేస్తే కరెంటు దారితప్పి లోహాన్ని తినేస్తుంది. అందుకే ఆయన ప్రతి సాకెట్టు నెగటివ్‌నూ వెనక్కి, చెక్క మీది రాగి బస్‌బార్ దాకా తెచ్చారు. బాడీకి కలిపింది ఒకే ఒక్క చోట. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు అంతా కరెంటును కొలిచే ఒక షంట్ గుండా దాటుతుంది కాబట్టి లెక్క కూడా పక్కాగా ఉంటుంది.

తీగ చివర లగ్గు బిగించడాన్ని క్రింపింగ్ అంటారు. ఆ పని ఎలా కుదిరిందో బయటికి కనిపించదు, అందుకని ఆయన ఒక లగ్గును రంపంతో అడ్డంగా కోసి, గరుకు కాగితంతో నునుపు చేసి దాచారు. అరచేతిలో పెట్టి వెలుతురుకు తిప్పితే లోపల వందల సన్నని రాగి పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుని, గుండ్రదనం పోయి పలకలు తేలి, ఒకే రాగి ముద్దలా కనిపించాయి. భూతద్దం పెట్టినా పోగుకూ పోగుకూ మధ్య నల్లటి చుక్క లేదు. చుక్క ఉందంటే గాలి ఉన్నట్టు, గాలి ఉంటే తేమ, తేమ ఉంటే చిలుము, చిలుముంటే వేడి. హైడ్రాలిక్ ప్రెస్సులో సరైన కొలత అచ్చు పెట్టి నొక్కితేనే అలా వస్తుంది. సుత్తితో కొట్టి, పైన టంకం పోసి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. టంకం పోగుల వెంట పైకి పాకి తీగను పుల్లలా బిరుసు చేస్తుంది. బండి కుదుపులకు ఆ బిరుసు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే తీగ విరుగుతుంది. లగ్గు మెడ మీద లోపల జిగురున్న ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేశారు, అంచు చుట్టూ జిగురు సన్నని గీతలా పొంగి ఆగింది. ప్రతి లగ్గుకూ ఆ గీత ఉంది.

ఫ్యూజు దగ్గర ఆయన ఇంకా కచ్చితం. ఫ్యూజు ల్యాప్‌టాప్‌ను కాపాడటానికి అనుకుంటాం. అది ఉన్నది తీగను కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగ ముక్కకు ఏ రక్షణా లేదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మంచిది. అమెరికా పడవల ప్రమాణాల్లో అది ఏడు అంగుళాలు. ఇక్కడ జానెడు కూడా లేదు. లిథియం బ్యాటరీని షార్ట్ చేస్తే వేల ఆంపియర్లు దూకుతాయి. చవక ఫ్యూజులో తీగ కరిగినా ఆ ఖాళీలో నిప్పు గీత వెలుగుతూ కరెంటు పారుతూనే ఉండొచ్చు. ఇరవై వేల ఆంపియర్లను తెంచగల క్లాస్-టీ ఫ్యూజు పెట్టడానికి కారణం అదే. చిన్న తీగలకు వేరే పెట్టెలో కార్లలో ఉండే బ్లేడు ఫ్యూజులు: పది ఆంపియర్లది ఎరుపు, పదిహేనుది నీలం, ఇరవైది పసుపు. ప్రతి తీగకూ రెండు చివరలా ఒకే అంకె ముద్రించిన తొడుగు. ఆ అంకెల పటం సీటు మూత లోపలి వైపు అతికించి ఉంది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే 1280 వాట్ అవర్లు. ఈ పదార్థాన్ని 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి లోకానికి తెలిపిన పరిశోధనా పత్రంలో, తర్వాత 2019లో నోబెల్ అందుకున్న జాన్ గుడెనఫ్ పేరుతో పాటు పాధి, నంజుండస్వామి అనే పేర్లు కూడా ఉంటాయి. ఇద్దరి ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, రౌటరు అన్నీ కలిపి రోజుకు 250 నుంచి 300 వాట్ అవర్లు. ఫ్రిజ్జే అంతకంటే ఎక్కువ తింటుంది. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని పాడవుతుంది కాబట్టి బయట కాకుండా మనుషులుండే చోట, సీటు కింద పెట్టారు.

నింపేది ముఖ్యంగా ఇంజనే. యూరో 6 బండ్లలో ఆల్టర్నేటర్ డీజిల్ ఆదా కోసం వోల్టేజీని తనకు తోచినట్టు తగ్గించేస్తుంది. పాతకాలపు రిలేతో ఇంజను బ్యాటరీనీ సీటు కింది బ్యాటరీనీ కలిపేస్తే సీటు కిందిది నిండదు. మధ్యలో ముప్ఫై ఆంపియర్ల డీసీ ఛార్జర్ పెట్టారు, అది డచ్ కంపెనీ విక్ట్రాన్ వారి నీలం పెట్టె. గంట బండి నడిపితే పై పరికరాల రోజు ఖర్చు వచ్చేసి ఇంకా మిగులుతుంది. పైకప్పు మీద సోలార్ పలక ఉంది. వేసవిలో దానిదే రాజ్యం. డిసెంబరులో ఇన్వర్నెస్ దగ్గర పగలే ఆరున్నర గంటలు, సూర్యుడు కొండల మీద నుంచి లేవడు. అప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

వంక పెట్టాలంటే ఒకటుంది. సాకెట్లు బల్ల కింద మోకాలి ఎత్తున ఉన్నాయి. యూఎస్‌బీ-సీ మూతి పది వేల సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా చేస్తారు గానీ పక్క నుంచి తగిలే మోకాలికి కాదు. ఒంపు మూతి కేబుళ్లు వాడుతూ నెట్టుకొస్తున్నారు, వాటిని పైకి జరపక తప్పదని ఆయనకూ తెలుసు. సాకెట్టు మీది నీలం బల్బు రాత్రి కళ్లలో పొడుస్తుందని నల్ల టేపు అంటించారు. ఇంత పనిమంతుడి గోడ మీద ఆ టేపు ముక్క చూసి నాకు నవ్వొచ్చింది. వంద వాట్లకు 4 స్క్వేర్ ఎంఎం సరిపోయేది కదా, 6 ఎందుకని అడిగితే, వాళ్లమ్మాయి వాడే 140 వాట్ల ల్యాప్‌టాప్‌ను చూపించారు. దాన్ని సెలవుల్లో తెచ్చుకుంటే మాడ్యూల్ మార్చి, ఎరుపు ఫ్యూజు తీసి నీలం పెడితే చాలు. గోడ విప్పాల్సిన పని లేదు.