వంశవృక్షం నీడలో

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము బెనె ఎఫ్రాయిం యూదులమంటాయి. 1991లో ప్రార్థనామందిరం నెలకొల్పుకున్నాయి. వారి నాయకుల్లో ఒకరైన ష్ముయెల్ యాకోబి 2002లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథం ‘ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్’ తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం కలుపుతుంది. తెలుగు ద్రావిడం, హీబ్రూ సెమిటిక్. ఈ వాదం నిలవదు. పండితులు నవ్వచ్చు. కాని నవ్వి పుస్తకం మూసెయ్యడం విమర్శ కాదు.

ఏ గొడ్డుమాంసాన్ని చూపి ఊరు వీళ్ళను వెలివేసిందో, దాన్నే ఈ సమాజం పెద్దలు ఇజ్రాయేలు పూర్వాచారమన్నారు, ఇంటి మర్యాదగా నిలబెట్టారు. అవమానాన్ని తిరగేసిన ఈ చోటే వాదానికి బలం. బలహీనతా అక్కడే. మాదిగ మనిషి గౌరవానికి పరాయి వంశవృక్షం ఎందుకు కావాలి? అంబేద్కర్ కూడా 1948లో ‘ది అన్‌టచబుల్స్’లో అంటరానితనాన్ని గొడ్డుమాంసంతోనే ముడిపెట్టాడు; మూలాన్ని మాత్రం ఈ నేల మీది బ్రాహ్మణ, బౌద్ధ సంఘర్షణలోనే వెతికాడు. యాకోబి సముద్రాలు దాటాడు.