తుంగభద్ర పుట్టి: వెదురు, తోలు, తారు, ఫైబర్

పత్తికొండ వైపు నీళ్లంటే బావి, చెరువు, ఈమధ్య వచ్చిన హంద్రీ-నీవా కాలువ. పడవతో పని పడని మెట్ట నేల మాది. అదే ఆదోని, ఎమ్మిగనూరు దాటి కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల అంచుకు చేరితే తుంగభద్ర ఎదురవుతుంది. నీళ్లున్న రోజుల్లో ఆ ఏటి మీద వెడల్పాటి గుండ్రటి పుట్టిలో కూర్చుని, తెడ్డు వేసుకుంటూ వలలు తీసే బెస్తలు కనిపిస్తారు. ముందూ వెనుకా, చుక్కానీ తెరచాపా ఏవీ లేని ఆ పుట్టిని చూసి పేదవాడి పడవ అనుకునేవాళ్లే ఎక్కువ. దాని తయారీలో ఉన్న లెక్క తెలిస్తే ఆ మాట మళ్లీ అనరు.

ఈ లెక్క చాలా పాతది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్ తుంగభద్ర దాటించే పుట్టుల గురించి రాసిపెట్టాడు. లోపల బెత్తంతో అల్లి, బయట తోలు కప్పేవారట. పదిహేను ఇరవై మంది ఎక్కేవారట. తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూ పోతాయని కూడా రాశాడు. మరో శతాబ్దం తర్వాత వజ్రాల వ్యాపారి టావెర్నియే ఎద్దుతోళ్లు కప్పిన ఇలాంటి బుట్టల్లోనే కృష్ణ దాటాడు. 1803లో మరాఠాల మీదికి సైన్యం నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ, దక్కను నదులు దాటడానికి పుట్టులనే సిద్ధం చేయించాడు. ఫిరంగులున్న సైన్యానికి కూడా ఇక్కడి నదుల మీద ఇంతకంటే నమ్మకమైన సాధనం దొరకలేదు.

అందుకు కారణం నది అడుగునే ఉంది. తుంగభద్ర గర్భం నిండా బండలు. వాన కాలంలో ఉరకలు, వేసవిలో మోకాటి లోతు మడుగులు. కింద వెన్నుదూలం ఉన్న పడవ ఇక్కడ ప్రతి బండకూ తగులుతుంది. పుట్టి అడుగు చదునుగా ఉంటుంది, బరువు ఆ వెడల్పంతా పరుచుకుంటుంది. రెండున్నర మీటర్ల అడ్డం ఉన్న పుట్టి అడుగు దాదాపు 5 చదరపు మీటర్లు. ఆరుగురు మనుషులు, పుట్టి బరువు అంతా కలిపి 450 కిలోలు అనుకున్నా అది నీళ్లలోకి దిగేది 9 సెంటీమీటర్లే. అంటే బెత్తెడు లోతు, మహా అయితే ఇంకొంచెం.

గిరగిరా తిరగడం పేస్‌కు వింతగా తోచి ఉండవచ్చు. ఈ నదికి ఆ గుణమే కావాలి. పొడవాటి పడవ ప్రవాహానికి అడ్డం తిరిగితే నీటి తోపుడంతా దాని పక్క మీద పడి బోర్లా పడేస్తుంది. పుట్టికి పక్క అంటూ లేదు. ఏ వైపు నుంచి నీరు తోసినా కాస్త తిరిగి సర్దుకుంటుంది. నడిపేవాడు పోవలసిన దిక్కుకు ముఖం పెట్టి, అంచు దగ్గర కూర్చుని, తెడ్డును ముందుకు చాచి ముంచి తనవైపు లాగుతాడు. ఒక లాగు కుడి మొగ్గుగా, ఇంకో లాగు ఎడమ మొగ్గుగా. అలా తిరగబోయేదాన్ని ప్రతి లాగుకీ ఆపుకుంటూ పోవాలి. చూడడానికి తేలిక. కొత్తవాడి చేతికి తెడ్డిస్తే పుట్టి ఉన్నచోటే బొంగరమవుతుంది.

ఇక అల్లిక. వెదురు బొంగులో బలమంతా పైపొట్టు దగ్గరే ఉంటుంది. పీచు అక్కడ దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. అందుకే బద్ద చీల్చేటప్పుడు ఆ పైభాగాన్ని పోనివ్వరు. నల్లమలలో దొరికే వెదురులో బోలు తక్కువ, గట్టిదనం ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడో నానబెట్టిన తర్వాతో బద్దలను నేల మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఒకదాని కిందనుంచి ఒకటి పోనిచ్చి అడుగు అల్లుతారు. మధ్యలో రాళ్లు పెట్టి అణచి, బయటికి చాచిన కొసలను చుట్టూ పైకి వంచి గోడ కడతారు. అంచుకు నాలుగైదు బద్దలు కలిపి పెనవేసి బిగిస్తారు. మేకు గానీ బోల్టు గానీ ఎక్కడా ఉండదు. అందుకే పుట్టి బండకు తగిలినప్పుడు ఆ దెబ్బ ఒక్క చోట ఆగదు. తగిలిన బద్ద లోపలికి వంగుతుంది, దాని మీదుగా పోయే బద్దలన్నీ కొంచెం కొంచెంగా ఆ దెబ్బను పంచుకుంటాయి, బండ దాటగానే అడుగు మళ్లీ చదునుకు వస్తుంది.

బద్దలు ఎముకలైతే పై తొడుగు చర్మం. మారుతూ వచ్చింది ఈ చర్మమే. మొదట్లో తోలు. వంగడంలో వెదురుతో సమానంగా వంగేది, కానీ నానితే బరువెక్కేది, కుళ్లేది. గట్టుకు చేరగానే పుట్టిని ఒడ్డుకు లాగి, బోర్లించి ఆరబెట్టాల్సిందే. తర్వాత ప్లాస్టిక్ సంచులు కుట్టి, పైన తారు పూయడం వచ్చింది. తోలు కంటే చవక, కుళ్లదు. ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద తిరిగిన గుండ్రటి గుఫాలకు కూడా తారు పూతే. ఇంత దూరంలో ఉన్న రెండు నదుల వాళ్లు ఒకే ఉపాయానికి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. తారుకున్న చిక్కు ఎండ. మన సీమ ఎండకు మెత్తబడుతుంది, చలికి పగుళ్లిస్తుంది. అయితే చిల్లు పడితే ఒడ్డునే నిప్పు చేసి, తారు కరిగించి, గుడ్డపేలిక అతికించి ఆ పూటే నీళ్లలోకి దించవచ్చు.

ఇప్పుడు ఫైబర్ పుట్టి వచ్చింది. అచ్చు మీద గాజు పీచు పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్ కుంచెతో పూసి, పొర మీద పొర వేసి గట్టిపరుస్తారు. కుళ్లదు, నీరు పీల్చదు, ఏటేటా పూత అక్కర్లేదు. జాలరికి ఇవి చిన్న సుఖాలు కావు. లోపం మొండితనంలో ఉంది. బండ దెబ్బకు వెదురులా వంగి సర్దుకోదు, తగిలిన చోట పైపొర చిట్లుతుంది. చిట్లింది సన్నటి గీతే కావచ్చు. దానిగుండా నీరు పొరల మధ్యకు చేరితే అక్కణ్ణుంచి పొరలు విడిపోతాయి. బాగు చేయాలంటే ఆ చోటు పూర్తిగా ఆరాలి, రెసిన్ కొనాలి, పాళ్లు తెలిసిన చెయ్యి కావాలి. పైగా ఒక అచ్చులోంచి వచ్చేవన్నీ ఒకే కొలత. అల్లేవాడైతే ఒంటి మనిషికి చిన్నది, మనుషుల్ని దాటించడానికి పెద్దది అడిగినట్టు అల్లి ఇస్తాడు.

ఏ పదార్థం మేలన్న ఇదే వాదం సముద్రపు అలల మీద జారే సర్ఫ్ బోర్డు తయారీదారుల మధ్య కూడా నడుస్తోంది. హవాయి ప్రజలు కోవా, విలివిలి కర్రలతో చెక్కుకున్న బోర్డులు తర్వాత బాల్సా కర్రకు మారాయి. 1950ల చివర పాలియురేథేన్ నురుగు వచ్చింది. నురుగు దిమ్మె మధ్యలో నిలువునా సన్నటి కర్రపట్టీ, చుట్టూ గాజు గుడ్డ, పైన పాలియెస్టర్ రెసిన్. ఇంకా తేలికైన పాలీస్టైరీన్ నురుగు వాడాలంటే పాలియెస్టర్ పనికిరాదు, అది నురుగును కరిగించేస్తుంది. ఎపాక్సీ వాడాలి. ఈ రెండో రకం తేలిక, చిన్న అలల మీద చురుకు. గాలికి చెదిరిన నీటి మీద మాత్రం అదురుతుందని అలవాటున్న వాళ్లు అంటారు. దిశ నిలవడానికి టామ్ బ్లేక్ 1935లో బోర్డు కింద రెక్క బిగించాడు. తుంగభద్ర బండల మీద ఆ రెక్క రెండు రోజులు నిలవదు. బోర్డు ఏ అల మీద తిరగాలో, పుట్టి ఏ నదిలో తిరగాలో, దాన్నిబట్టే వంపూ, బరువూ, వంగే గుణమూ నిర్ణయం కావాలి. ఇంజనీర్లు కోట్లు ఖర్చుపెట్టి తేల్చుకునే ఈ సంగతి బెస్తలకూ, మేదర్లకూ చేతి వేళ్లలో ఉంది.

నా తీర్పు ఇది. పై తొడుగు ఎంత మారినా ఫర్వాలేదు, అల్లిక పోకూడదు. వెదురు అల్లిక మీదే పలచటి ఫైబర్ పూతతో పుట్టి చేసి చూడవచ్చు. వంగే గుణం కొంతైనా మిగులుతుంది, తారు బాధ తప్పుతుంది. వెదురు దొరకదన్న మాటకూ ఇప్పుడు జవాబు ఉంది. 2017లో అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవి బయట పెంచే వెదురు చెట్ల జాబితాలోంచి తప్పింది. రైతు గట్ల మీద పెంచుకుని కొట్టి అమ్ముకోవచ్చు. జాలర్లకు ఫైబర్ పుట్టులిచ్చే పథకాలు వేసే అధికారులు, అల్లిక తెలిసిన ముసలివాళ్లు ఉండగానే వాళ్లను పిలిచి నాలుగు ఊళ్ల కుర్రవాళ్లకు నేర్పించాలి.

పుట్టికి ఒక్క పెద్ద ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. అంచు నీళ్లకు దగ్గర. జనం ఎక్కువై ఒక పక్కకు ఒరిగి అంచు మునిగితే క్షణాల్లో నిండిపోతుంది. 2020 ఆగస్టులో వరద మీదున్న కృష్ణలో పుట్టి తిరగబడి మనుషుల్ని పోగొట్టుకున్నాం. మీరెప్పుడైనా పుట్టి ఎక్కితే నిలబడకండి. అడుగున చుట్టూ సమంగా సర్దుకుని కూర్చోండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. నదికి వరద ఉన్న రోజున, ఎంత పనున్నా, ఎక్కకండి.