యోగదానము

హైదరాబాదునకుఁ దూర్పుననున్న ఎల్‌బీ నగర్ ప్రాంతమున రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు గలవు. అప్పులవారు దావా వేయుదురని యెఱిఁగి, ఋణస్థుఁడు తానుండు నింటిని ముందుగనే భార్యకో తమ్మునికో దానపత్రము వ్రాసి రిజిస్టరు చేయించినచో నది దానమగునా? ఇది వ్యవహారప్రశ్న మాత్రమే కాదు, శబ్దప్రశ్నయు నగును.

సంప్రదానసంజ్ఞ అన్వర్థమని వృత్తికారుల మతము. దాత తన స్వత్వమును విడిచి యిచ్చిననే చతుర్థి. రజకునకు వస్త్రమిచ్చుచో షష్ఠియే. ఆ వస్త్రము మరల నింటికి రావలసినదే కదా! పతంజలి యీ నియమము నంగీకరింపలేదు. గురువు శిష్యునకుఁ జెంపదెబ్బ యిచ్చుచోటను భాష్యమునఁ జతుర్థి గలదు. తెనుఁగునందో విప్రునకు గోవునిచ్చినను, రజకునకు వస్త్రమిచ్చినను ‘కు’ వర్ణమే వచ్చును. కావున విభక్తినిబట్టి దానము తేలదు. దాత యభిప్రాయమే ప్రమాణము.

ఇట్టిదానికి మనుస్మృతి యష్టమాధ్యాయమున యోగదానమని పేరు. అచట యోగశబ్దము కపటార్థకము. 1882 నాఁటి ఆస్తి బదలాయింపు చట్టము 53వ సెక్షనును ఋణదాతలను వంచించుటకో జాగుచేయుటకో చేసిన బదలాయింపును నిలువనీయదు. కాని భేదము గలదు. స్మృతిలో కపటము కనఁబడినంతనే యది నివర్తనీయము; చట్టమున నష్టపడిన ఋణదాత కోరిననే రద్దగును. సద్బుద్ధితో వెలయిచ్చి కొన్నవానికి రక్షణయుఁ గలదు.

ఋణదాత యూరకున్నచో దాత గతి యేమి? స్వీకృతమైన దానమును దాత తన యిచ్ఛమాత్రముచే రద్దు చేయఁజాలఁడని యా చట్టమే 126వ సెక్షనునఁ జెప్పుచున్నది. రజకునకిచ్చిన వస్త్రము మరలివచ్చును. దానమని వ్రాసిన యిల్లు మరలి రాదు. ఋణదాతకై పన్నిన శబ్దమునఁ దొలుతఁ జిక్కువాఁడు దాతయే.