ర్యాప్‌లో ప్రాస వినాలంటే 1994

1994లో మనలో చాలామందికి ర్యాప్ అంటే ‘ప్రేమికుడు’. తమిళ ‘కాదలన్’కి డబ్బింగ్ సినిమా అది. ఎ.ఆర్.రెహమాన్ కట్టిన ‘పేట ర్యాప్’కి ప్రభుదేవా స్టెప్పులేస్తుంటే పాటలో ఏమంటున్నారో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన అవసరమూ రాలేదు. ర్యాప్ అంటే దరువుకి గబగబా మాట్లాడటమేనన్న అభిప్రాయం అప్పుడు కుదురుకుంది, ఇప్పటికీ కదల్లేదు. పద్యం బాగా ఎరిగిన పెద్దలు కూడా ‘అందులో సాహిత్యం ఏముందిలే’ అని తీసిపారేస్తారు. అలాంటివాళ్ల ముందు నేను పెట్టేది సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో వచ్చిన కొన్ని ఆల్బమ్‌లు. హిప్-హాప్ మొత్తంలో ఒక్క ఏడాదే ఉంచుకోమంటే నేను 1994నే ఉంచుకుంటాను.

ముందు ‘ఇల్మాటిక్’. ఏప్రిల్ 19న విడుదలైంది. రాసి, పలికిన నాస్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే పెద్ద ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగాడు, ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. ఆల్బమ్‌లో ఉన్నవి పది ట్రాకులే, మొత్తం కలిపి నలభై నిమిషాల లోపే. అంత చిన్న దాని గురించి ముప్పై ఏళ్లుగా ఎందుకు మాట్లాడుకుంటున్నారో తెలియాలంటే ర్యాప్ ఛందస్సు కొంచెం తెలియాలి.

బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం. మామూలుగా పదహారు బార్లు ఒక చరణం. తొలితరం ర్యాపర్లు బార్ చివర అంత్యప్రాస వేసి, వాక్యాన్నీ అక్కడే ముగించేవారు. వినడానికి హుషారుగా ఉండేది, కానీ కాసేపటికి అంతా ఒకే నడకగా తోచేది. 1987లో ‘పెయిడ్ ఇన్ ఫుల్’తో రకీమ్ ఆ కట్టు తెంచాడు. వాక్యం బార్ దాటి పక్క బార్‌లోకి నడిచిపోయింది, ప్రాస బార్ మధ్యలో ఎక్కడైనా పడింది. శాక్సఫోన్ వాయించిన మనిషి కాబట్టి ఊపిరి ఎక్కడ తీయాలో, ఎక్కడ బిగబట్టాలో ఆయనకి తెలుసు. నాస్ ఆ విద్యనే అందుకున్నాడు.

మన పద్యంలో ప్రాస కుదరాలంటే రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. ర్యాప్‌లో లెక్క దాదాపు తిరగబడుతుంది. అచ్చులు కలిస్తే చాలు, హల్లులు ఎలా ఉన్నా సరే. ‘రాతి మేడ’కి ‘గాలి పేట’ జోడీ అన్నమాట. మన లాక్షణికులు ఒప్పుకోరు గానీ చెవి ఒప్పుకుంటుంది. మూడు నాలుగు అచ్చుల వరసని ఒక బార్‌లో పరిచి, అదే వరసని వేరే మాటలతో తర్వాతి బార్లలో మళ్లీ మళ్లీ రప్పించడమే ఇందులో పనితనం. ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ మొదటి చరణంలో ఈ వరసలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఆగకుండా వస్తాయి. అందుకోసం అర్థం ఎక్కడా కుంటుపడదు. పేటలో తుపాకులు, భయం, పరుగు కళ్ల ముందు నడుస్తుంటాయి.

నాకు అంతకన్నా ఇష్టమైంది ‘వన్ లవ్’. జైల్లో ఉన్న స్నేహితులకి రాసిన ఉత్తరాలవి. నీకు కొడుకు పుట్టాడు, నీ మనిషి ఎవరితోనో తిరుగుతోంది అంటూ బయటి కబుర్లు చెబుతాయి. చివరి చరణంలో ఉత్తరం ఆగిపోయి, పేటలో ఒక పన్నెండేళ్ల కుర్రాడు ఎదురవుతాడు. తుపాకుల గురించి పెద్దవాళ్లలా మాట్లాడతాడు. నాస్ వాడికి నీతులు చెప్పడు, తనకి తెలిసిన జాగ్రత్త ఏదో చెప్పి వెళ్లిపోతాడు.

ఇక సంగీతం. ‘ఇల్మాటిక్’కి దరువులు కట్టినవాళ్లలో డీజే ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్ ఉన్నారు. పాత రికార్డులోంచి చిన్న ముక్క తీసి, దాన్నే తిప్పి తిప్పి వాయించడం వీళ్ల పద్ధతి. ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’లో వినపడే పియానో, జాజ్ విద్వాంసుడు అహ్మద్ జమాల్ 1970 నాటి రికార్డులోది. పీట్ రాక్ వాడిన ఎస్పీ-1200 యంత్రంలో మొత్తం పది సెకన్ల శబ్దమే పడుతుంది. అందుకని 33 వేగంలో తిరగాల్సిన రికార్డుని 45లో తిప్పి యంత్రానికి ఎక్కించి, తర్వాత లోపల నెమ్మది చేసేవారు. అలా చేసినప్పుడు శబ్దానికి ఒక గరుకుదనం వస్తుంది. చోటు చాలక వచ్చిన ఆ గరుకే ఆ కాలపు రుచి అయింది. ఇప్పుడు కంప్యూటర్లో అంతులేని చోటు పెట్టుకుని కూడా దాన్నే కావాలని పుట్టిస్తున్నారు.

ఇదంతా దొంగతనం కాదా అంటే, అమెరికా కోర్టులు ఒక దశలో అలాగే అన్నాయి. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన తీర్పు తర్వాత ప్రతి ముక్కకీ అనుమతి, డబ్బు తప్పనిసరయ్యాయి. పొడుగాటి ముక్కలు వాడటం ఖరీదైపోయింది. ప్రీమియర్‌లాంటివాళ్లు ముక్కని ఇంకా చిన్న ముక్కలుగా తరిగి, వరస మార్చి, కొత్త పాట పుట్టించే పనిలో ఆరితేరారు. ఆయన చాలాసార్లు పల్లవి కూడా రాయించడు. పాత రికార్డుల్లోని గొంతుల్ని స్క్రాచ్ చేసి అతికిస్తాడు. ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ పల్లవిలో వినపడేది రకీమ్ గొంతే. శిష్యుడి పాటలో గురువు గొంతుని పల్లవి చేయడం కన్నా అందమైన నమస్కారం నాకు తెలియదు.

సెప్టెంబరులో మరో న్యూయార్క్ ర్యాపర్ బిగ్గీ ‘రెడీ టు డై’ వచ్చింది. నాస్ కళ్లతో చూసి చెబితే బిగ్గీ వేషం కట్టి చెబుతాడు. ‘గిమ్మీ ద లూట్’లో ఇద్దరు దొంగలు మాట్లాడుకుంటారు. ఇద్దరూ ఆయనే, ఒకడి గొంతు మాత్రం సన్నం. పాట అయ్యేదాకా ఆ సంగతి కనిపెట్టలేనివాళ్లు చాలామంది. ఆడవాళ్ల గురించి ఇందులో కొన్ని మాటలు వినలేం, వినలేకపోతే వినేవాళ్ల తప్పు కాదు. అయినా తాళానికి అరక్షణం వెనకబడి, తొందరలేకుండా నడిచే ఆ పలుకు తీరు మళ్లీ ఎవరికీ రాలేదు.

న్యూయార్కే లోకమని అప్పట్లో న్యూయార్క్ వాళ్లు నమ్మేవారు. ‘ఇల్మాటిక్’ వచ్చిన వారానికి, ఏప్రిల్ 26న, అట్లాంటా నుంచి ఔట్‌కాస్ట్ తొలి ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ఒక్క ఊపిరిలో పలకడం కష్టం: ‘సదర్న్‌ప్లేయలిస్టికడిలాక్‌మ్యూజిక్’. ఆర్గనైజ్డ్ నాయిజ్ బృందం పాత రికార్డుల మీద అంతగా ఆధారపడకుండా బేస్, గిటార్ స్వయంగా వాయించి దరువులు కట్టింది. దక్షిణాది యాసని ఔట్‌కాస్ట్ వాళ్లు దాచుకోకుండా పలికారు. మరుసటి ఏడాది న్యూయార్క్ అవార్డుల సభలో వాళ్లకి బహుమతి వస్తే జనం ఎగతాళిగా అరిచారు. ఆ తర్వాతి దశాబ్దంలో హిప్-హాప్ గుండెకాయ దక్షిణాదికే మారింది. కోస్తా మాటే భాషనుకున్న రోజుల్లో తెలంగాణ యాసకి జరిగింది తెలిసినవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు.

హ్యూస్టన్ నుంచి స్కార్‌ఫేస్ ‘ద డైరీ’ చావు గురించి అంత నెమ్మదిగా మాట్లాడినందుకు నచ్చుతుంది. షికాగో కుర్రాడు కామన్ ‘ఐ యూజ్డ్ టు లవ్ హర్’లో ఒక అమ్మాయి దారితప్పిన కథ చెప్పి, ఆమె హిప్-హాపేనని చివర్లో బయటపెడతాడు. కట్టుబడి గొప్పది, కానీ చెడిపోయిందనడానికి ఆడమనిషే ఎందుకు కావాలో! ఆ ఏడాదే వచ్చిన ‘ఫంక్‌డఫైడ్’తో డా బ్రాట్ ప్లాటినమ్ అందుకున్న తొలి సోలో మహిళా ర్యాపర్ అయింది. అభిమానుల జాబితాల్లో ఆ పేరు అరుదుగా కనపడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’తో మొదలుపెట్టండి. మొదటిసారి సాహిత్యం చూడకుండా అచ్చుల్ని మాత్రం వినండి. రెండోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, వాక్యం బార్ దాటిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే బిగ్గీ దగ్గరికి వచ్చేసరికి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.